గురక పెడితే గాఢ నిద్ర అనుకుంటున్నారా? నిద్ర జబ్బుల్ని గుర్తుపట్టేదెలా.. స్లీప్ స్టడీలో ఏం చేస్తారు? పూర్తి వివరాలు ఇవే

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో తెలుగు ప్రేక్షకుల్ని ఉర్రూతలూగించిన సంగీత దర్శకుడు బప్పీ లహిరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో కన్నుమూశారు. ఆయన వయసు 69 ఏళ్లు. అప్పటికే ఆయనకు వేరే ఆరోగ్య సమస్యలూ ఉన్నాయి. అయితే మరణానికి కారణంగా ఆస్పత్రి వైద్యుడు చెప్పిన జబ్బు పేరు మాత్రం చాలామందికి కొత్త. అదే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. అంటే నిద్రలో గొంతు దగ్గర గాలి వెళ్లే దారి మూసుకుపోయి ఊపిరి ఆగిపోవడం.

పేరు కొత్తే కానీ జబ్బు కొత్తది కాదు. దీనికి బయటకు కనిపించే మొదటి గుర్తు గురక. మన ఇళ్లలో ఎవరైనా గురక పెడుతుంటే "అలసిపోయాడు, హాయిగా పడుకున్నాడు, లేపకండి" అంటుంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం దేశంలో పనిచేసే వయసులో ఉన్నవాళ్లలోనే సుమారు 10.4 కోట్ల మందికి ఈ సమస్య ఉందని అంచనా. వీళ్లలో ఎక్కువ మందికి తమకు జబ్బు ఉన్న సంగతే తెలీదు.

మరి నిద్ర జబ్బుల్ని ఎలా గుర్తుపట్టాలి? ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? స్లీప్ స్టడీ అంటే ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

సాక్షి పక్కన పడుకున్నవాళ్లే

మిగతా జబ్బులకు, నిద్ర జబ్బులకు ఒక పెద్ద తేడా ఉంది. కడుపులో నొప్పి వస్తే మనకు తెలుస్తుంది. నిద్రలో ఊపిరి ఆగితే పడుకున్న మనిషికి తెలీదు. రాత్రి వందసార్లు ఆగినా పొద్దున్నే లేచి "బాగానే పడుకున్నా, ఎందుకో ఒళ్లు బరువుగా ఉంది" అంటారు అంతే.

అందుకే ఈ జబ్బును మొదట పట్టేది డాక్టర్ కాదు.. పక్కన పడుకున్న భార్యో, భర్తో, అమ్మో, హాస్టల్ రూమ్‌మేటో. "రాత్రి నీకు ఊపిరి ఆగిపోయినట్టు అనిపించింది, భయమేసింది" అని ఇంట్లో ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోవద్దు. డాక్టర్‌కి ఉపయోగపడే మొదటి ఆధారం ఆ మాటే.

గురకలో ఏది మామూలు? ఏది ప్రమాదం?

జలుబు చేసినప్పుడో, బాగా అలసిపోయినప్పుడో, వెల్లకిలా పడుకున్నప్పుడో సన్నగా వచ్చే గురకతో కంగారు పడాల్సిన పనిలేదు. కింద చెప్పినట్టు ఉంటే మాత్రం జాగ్రత్త పడాలి.

- తలుపు వేసినా పక్క గదిలోకి వినిపించేంత పెద్ద గురక, అదీ దాదాపు రోజూ
- గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా నిశ్శబ్దం.. కొన్ని సెకన్ల తర్వాత గట్టిగా గుటక వేసినట్టు, ఎగశ్వాసతో మళ్లీ మొదలవడం
- ఊపిరాడక ఉలిక్కిపడి లేవడం
- రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవాల్సి రావడం
- పొద్దున లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం

వీటిలో రెండోది చాలా ముఖ్యం. గురక ఆగింది కదా అని ఇంట్లోవాళ్లు "హమ్మయ్య" అనుకునే ఆ నిశ్శబ్దంలోనే ఊపిరి ఆగి ఉంటుంది. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. దారి తెరుచుకుంటుంది, గురక మళ్లీ మొదలవుతుంది. ఇలా 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే డాక్టర్లు దాన్ని ఆప్నియా అంటారు.

ప్రతిసారీ గుండె మీద, రక్తనాళాల మీద ఒత్తిడి పడుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే బీపీ, గుండె లయ తప్పడం, పక్షవాతం, షుగర్ లాంటి సమస్యల ముప్పు పెరుగుతుంది. మూడు నాలుగు రకాల మందులు వాడుతున్నా బీపీ అదుపులోకి రానివాళ్లకు నిద్ర పరీక్ష చేయించమని వైద్యులు చెప్పేది ఇందుకే.

పగలు కనిపించే గుర్తులు ఇవీ

రాత్రి జరిగేది తెలియకపోయినా, పగలు జరిగేది మనకే తెలుస్తుంది. 7, 8 గంటలు పడుకున్నా లేవగానే నిస్సత్తువ, టీవీ ముందు కూర్చుంటే కునుకు, మీటింగ్‌లో జోగడం, చిన్న విషయానికే చిరాకు, మతిమరుపు, పని మీద ధ్యాస నిలవకపోవడం.. ఇవన్నీ నిద్ర సరిగా లేదని ఒళ్లు చెప్పే మాటలే.

దీన్ని కొలవడానికి డాక్టర్లు వాడే ఒక పట్టిక ఉంది. పేరు ఎప్‌వర్త్ స్లీపీనెస్ స్కేల్. ఆస్ట్రేలియాకు చెందిన డాక్టర్ మర్రే జాన్స్ దీన్ని 1991లో ప్రచురించారు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, గంటసేపు కారులో వెనక కూర్చుని వెళ్తున్నప్పుడు, భోజనం చేశాక ఊరికే కూర్చున్నప్పుడు.. ఇలాంటి 8 సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంత ఉందో 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24. పది దాటితే పగటి మగత మామూలు కన్నా ఎక్కువ ఉన్నట్టే.

మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోవడం, రెడ్ సిగ్నల్ దగ్గర బండి ఆగితే కన్ను మూతపడటం.. ఈ రెండింట్లో ఏది జరుగుతున్నా ఆలస్యం చేయొద్దు. ముఖ్యంగా లారీ, బస్సు, క్యాబ్ నడిపేవాళ్లు. తెల్లవారుజామున హైవే మీద ఒక్క క్షణం కునుకు పడితే పోయేది ఒక్కరి ప్రాణం కాదు. పరీక్ష చేయించుకుని చికిత్స మొదలయ్యే దాకా రాత్రి డ్రైవింగ్‌కు దూరంగా ఉండటమే మంచిది.

ఇంట్లోనే వేసుకోదగ్గ 8 ప్రశ్నలు

స్లీప్ ఆప్నియా ముప్పు ఎంత ఉందో తేల్చుకోవడానికి ప్రపంచవ్యాప్తంగా వాడే ప్రశ్నావళి 'స్టాప్ బ్యాంగ్'. కెనడాలోని టొరంటోలో మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు రోగుల్ని పరీక్షించేందుకు తయారు చేశారు. అవును, కాదు అని జవాబు చెబితే చాలు.

1. పెద్దగా గురక పెడతారా?
2. పగలు అలసటగా, మగతగా ఉంటుందా?
3. నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
4. బీపీ ఉందా, లేదా బీపీ మందులు వాడుతున్నారా?
5. బీఎంఐ 35 దాటిందా?
6. వయసు 50 దాటిందా?
7. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? అంటే దాదాపు 16 అంగుళాల కాలర్.
8. మగవారా?

రెండు వరకు 'అవును' ఉంటే ముప్పు తక్కువ. 3, 4 అయితే మధ్యస్థం. 5, అంతకు మించితే ఎక్కువ. అయితే ఇది జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అని చెప్పేది మాత్రమే. ఇంకో మాట. లావుగా లేనంత మాత్రాన ధీమాగా ఉండొద్దు. దవడ చిన్నగా, లోపలికి ఉన్నవాళ్లలో, ముక్కులో అడ్డంకి, పెద్ద టాన్సిల్స్ ఉన్నవాళ్లలో సన్నగా ఉన్నా ఆప్నియా రావచ్చు.

గురక ఒక్కటే కాదు.. ఇవీ నిద్ర జబ్బులే

నిద్ర పట్టకపోవడం: పరీక్షల ముందో, ఇంట్లో గొడవల వల్లో నాలుగు రోజులు నిద్ర రాకపోవడం సహజం. వారంలో కనీసం 3 రాత్రులు, 3 నెలలకు పైగా ఇదే వరస అయితే మాత్రం దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. పడుకుందామంటే నిద్ర పట్టకపోవడమే కాదు, తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం కూడా ఇందులోకే వస్తుంది.

కాళ్ల లాగుడు: సాయంత్రం కాగానే పిక్కల్లో పురుగులు పాకినట్టు, లాగినట్టు ఉంటుంది. కాళ్లు కదిలిస్తే, లేచి నడిస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్లీ మొదలు. ఇది రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. రక్తంలో ఐరన్ తక్కువున్న వాళ్లలో, గర్భిణుల్లో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువ. ఫెరిటిన్ అనే రక్త పరీక్ష చేయించమని డాక్టర్ చెప్పేది ఇందుకే. చాలామంది దీన్ని 'నరాల బలహీనత' అనుకుని ఏవేవో టానిక్‌లు తాగుతూ ఏళ్లు గడిపేస్తారు.

గుండెల మీద కూర్చున్నట్టు అనిపించడం: మెలకువ వచ్చినా కాళ్లూ చేతులూ కదలవు, అరుద్దామంటే నోరు పెగలదు, ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఊళ్లలో దీన్ని దయ్యం పనే అంటారు. నిజానికి ఇది స్లీప్ పెరాలసిస్. కలలు కనే దశలో ఒళ్లు కదలకుండా ఉంచే ఏర్పాటు, మెలకువ వచ్చాక కూడా కొన్ని క్షణాలు కొనసాగుతుంది అంతే. నిద్ర చాలనప్పుడు ఎప్పుడో ఒకసారి వస్తే భయం లేదు. తరచూ వస్తూ, పగలు ఆపుకోలేని నిద్ర కూడా ఉంటే మాత్రం చూపించుకోవాలి.

ఆపుకోలేని నిద్ర: క్లాసులో, బస్సులో, అన్నం తింటూ కూడా నిద్రలోకి జారే పిల్లల్ని 'కుంభకర్ణుడు' అని ఏడిపిస్తుంటారు. పగలబడి నవ్వినప్పుడు మోకాళ్లు ఒక్కసారిగా పట్టు తప్పుతున్నాయంటే అది బద్ధకం కాదు, నార్కోలెప్సీ అయ్యే అవకాశం ఉంది. ఇది మెదడుకు సంబంధించిన జబ్బు. తరచూ టీనేజ్‌లోనే మొదలవుతుంది.

కలలో కొట్టడం, తన్నడం: కలలో ఎవరితోనో పోట్లాడుతున్నట్టు నిజంగానే చేతులు విసరడం, మంచం మీద నుంచి కింద పడటం 50 దాటిన మగవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. కొందరిలో ఇది కొన్నేళ్ల తర్వాత వచ్చే పార్కిన్సన్స్ జబ్బుకు ముందస్తు గుర్తు. అందుకే న్యూరాలజిస్టుకు చూపించాలి.

నైట్ షిఫ్ట్ సమస్య: హైదరాబాద్‌లో అమెరికా టైమింగ్స్‌లో పనిచేసే ఐటీ ఉద్యోగులు, నర్సులు, సెక్యూరిటీ గార్డులు, రాత్రి సర్వీసు డ్రైవర్లు.. వీళ్లకు నిద్రపోవాల్సిన వేళ మెలకువ, మెలకువగా ఉండాల్సిన వేళ మగత. ఒంట్లోని గడియారం, డ్యూటీ గడియారం కలవకపోవడమే కారణం. ఇదీ చికిత్స ఉన్న సమస్యే.

ఆడవాళ్లలో, పిల్లల్లో గుర్తులు వేరు

ఆప్నియా మగవాళ్ల జబ్బు అనుకోవడం పొరపాటు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలోనూ ముప్పు పెరుగుతుంది. అయితే వాళ్లు పెద్ద గురకతో కాకుండా నీరసం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, దిగులు అంటూ డాక్టర్ దగ్గరికి వస్తారు. దాంతో ఆలోచన థైరాయిడ్ మీదకో, రక్తహీనత మీదకో పోతుంది. పైగా ఆడవాళ్లు గురక పెడతారని చెప్పుకోవడం నామోషీ. చాలా ఇళ్లలో అందరికన్నా చివర పడుకుని ముందు లేచేది ఇల్లాలే కాబట్టి, ఆమె నిద్ర ఎలా ఉందో చూసేవాళ్లూ ఉండరు. ఇంట్లో అమ్మ నిద్రను కూడా ఒకసారి గమనించాల్సిన అవసరం ఉంది.

పిల్లల విషయం ఇంకోలా ఉంటుంది. నిద్ర చాలని పెద్దవాళ్లు జోగుతారు, పిల్లలు మాత్రం అల్లరి ఎక్కువ చేస్తారు. రోజూ గురక, నోరు తెరిచి పడుకోవడం, చిత్రమైన భంగిమల్లో మెడ వెనక్కి వాల్చి పడుకోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, చదువులో వెనకబడటం కనిపిస్తే పిల్లల డాక్టర్‌కో, ఈఎన్‌టీకో చూపించాలి. పిల్లల్లో ఎక్కువసార్లు కారణం టాన్సిల్స్, అడినాయిడ్స్ వాపే.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

'స్లీప్ స్పెషలిస్ట్' అన్ని ఊళ్లలో దొరకరు. మొదట ఫ్యామిలీ డాక్టర్‌కి చెప్పినా చాలు. గురక, ఊపిరి సమస్య అయితే పల్మనాలజిస్ట్ లేదా ఈఎన్‌టీ. కాళ్ల లాగుడు, కలలో తన్నడం, ఆపుకోలేని నిద్ర అయితే న్యూరాలజిస్ట్. నిద్ర పట్టక దిగులు, ఆందోళన ఉంటే సైకియాట్రిస్ట్. మనసు బాగోక నిద్ర రానివాళ్లు ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి మాట్లాడొచ్చు.

వెళ్లేముందు ఈ నాలుగు సిద్ధం చేసుకుంటే సగం పని అయినట్టే.

- ఫోన్‌లో వీడియో: గురక పెడుతున్నప్పుడు, ఊపిరి ఆగుతున్నప్పుడు ఇంట్లోవాళ్లు రెండు మూడు నిమిషాలు సౌండ్‌తో సహా తీయాలి. ఛాతీ, ముఖం కనిపిస్తే చాలు. ఇది డాక్టర్‌కి చూపించడానికే, వాట్సాప్ గ్రూపులో పెట్టి నవ్వుకోవడానికి కాదు.
- రెండు వారాల నిద్ర డైరీ: ఎన్నింటికి పడుకున్నారు, ఎప్పుడు పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచారు, పగలు కునుకు తీశారా, టీ కాఫీలు ఎన్ని, మందు తాగారా.
- వాడుతున్న మందులన్నీ: అలర్జీ, దగ్గు, డిప్రెషన్ మాత్రలతో సహా.
- పక్కన పడుకునే మనిషి: వీలైతే వాళ్లను వెంట తీసుకెళ్లండి. డాక్టర్ అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది.

స్మార్ట్ వాచ్ చూపించే నిద్ర లెక్కలు అనుమానం రావడానికి పనికొస్తాయి కానీ, వాటితోనే జబ్బు ఉందనీ లేదనీ తేల్చలేరు.

స్లీప్ స్టడీలో ఏం చేస్తారు?

దీని అసలు పేరు పాలీసోమ్నోగ్రఫీ. సూదులు గుచ్చరు, మత్తు ఇవ్వరు, నొప్పి ఉండదు. రాత్రి 8, 9 గంటలకు ఆస్పత్రికి వెళ్లి అక్కడి గదిలో మామూలుగా పడుకోవడమే. తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు చిన్న చిన్న సెన్సర్లు అంటిస్తారు. ముక్కు దగ్గర గాలి కొలిచే గొట్టం, ఛాతీకి పొట్టకు బెల్టులు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతారు. రాత్రంతా మెదడు తరంగాలు, గుండె, ఊపిరి, ఆక్సిజన్, కాళ్ల కదలికలు రికార్డవుతాయి. టెక్నీషియన్ పక్క గదిలో ఉంటారు. మధ్యలో బాత్రూమ్‌కి వెళ్లాలంటే పిలిస్తే వైర్లు విడదీస్తారు.

"ఇన్ని వైర్లతో నిద్ర ఎలా పడుతుంది?" అన్నది అందరికీ వచ్చే అనుమానమే. ఇంట్లో పట్టినంత పట్టదు, నిజమే. కానీ కొన్ని గంటలు పడుకున్నా ఎక్కువమందికి కావాల్సిన సమాచారం దొరుకుతుంది.

ఆ రోజు పాటించాల్సినవి: తలస్నానం చేసి, నూనె పెట్టకుండా వెళ్లాలి. నూనె ఉంటే సెన్సర్లు అంటుకోవు. గోళ్ల రంగు తీసేయాలి. మధ్యాహ్నం పడుకోవద్దు, మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ వద్దు. రోజూ వేసుకునే మందులు డాక్టర్ ఆపమంటే తప్ప ఆపొద్దు. సొంత దిండు, వదులైన బట్టలు తీసుకెళ్లొచ్చు.

ఆప్నియా అనుమానం బలంగా ఉండి, వేరే పెద్ద జబ్బులు లేకపోతే ఇంట్లోనే చేసే పరీక్ష కూడా ఉంది. చిన్న మెషీన్ ఇంటికి ఇస్తారు, రాత్రి పెట్టుకుని పొద్దున తిరిగి ఇచ్చేయాలి. ఖర్చు తక్కువ. కాకపోతే ఇది జబ్బు తీవ్రతను తక్కువగా చూపించే అవకాశం ఉంది. గుర్తులన్నీ ఉండి హోమ్ టెస్ట్‌లో ఏమీ లేదని వస్తే ఊరుకోకుండా ల్యాబ్‌లో చేయించుకోవాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు తీవ్రంగా ఉన్నవాళ్లకు ల్యాబ్ పరీక్షే సరైనది.

రిపోర్ట్‌లో ఆ నంబర్ అర్థం ఇదీ

రిపోర్ట్‌లో ముఖ్యంగా చూసేది ఏహెచ్ఐ. అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క. పెద్దవాళ్లలో 5 లోపు ఉంటే నార్మల్. 5 నుంచి 15 లోపు తేలికపాటి, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30, ఆపైన ఉంటే తీవ్రం. నంబర్ చిన్నదిగానే కనిపిస్తుంది కానీ లెక్క వేస్తే తెలుస్తుంది. ఏహెచ్ఐ 30 ఉన్న మనిషి 7 గంటలు పడుకుంటే ఆ రాత్రి 210 సార్లు ఊపిరి అడ్డుపడినట్టు. పిల్లలకు కొలత వేరు, గంటకు ఒకటి దాటినా తేలిగ్గా తీసుకోరు. దీంతోపాటు ఆక్సిజన్ ఎంతకు పడిపోయింది, ఎంతసేపు 90 శాతం లోపు ఉంది అన్నదీ డాక్టర్‌ని అడగాలి.

చికిత్స ఉందా? ఉంది

ఆప్నియాకు ప్రధాన చికిత్స సీప్యాప్ మెషీన్. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్ దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. ఇది వెంటిలేటర్ కాదు, ఆక్సిజన్ సిలిండరూ కాదు. గదిలోని గాలినే కాస్త ఒత్తిడితో మాస్క్ ద్వారా పంపి గొంతు దారి మూసుకోకుండా చూస్తుంది. కళ్లజోడు లాంటిదే, పెట్టుకున్నంత సేపే పని చేస్తుంది. మొదటి వారం చిరాకుగా ఉండటం, నోరు ఎండటం మామూలే. మాస్క్ సైజు మార్చినా, గాలికి తేమ అందించే ఏర్పాటు పెట్టినా చాలామందికి సర్దుకుంటుంది. రెండు రోజులు పెట్టుకుని అటక ఎక్కించేసే బదులు డాక్టర్‌తో మాట్లాడటం మేలు. పరీక్ష లేకుండా ఆన్‌లైన్‌లో కొని వాడటం మాత్రం వద్దు.

బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మందు మానేయడం కూడా చికిత్సలో భాగమే. కొందరికి డెంటిస్ట్ చేసే దవడ క్లిప్పు, కొందరికి ఆపరేషన్ అవసరం కావచ్చు.

నిద్రలేమికి మొదటి మందు మాత్ర కాదు. సీబీటీ ఐ అనే పద్ధతిని ముందు ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సూచించింది. రోజూ ఒకే టైమ్‌కి లేవడం, మంచాన్ని నిద్రకు తప్ప ఫోన్‌కు వాడకపోవడం, 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి మసక వెలుతురులో కూర్చుని, కునుకు వస్తున్నప్పుడే తిరిగి పడుకోవడం, నిద్ర మీద ఉన్న భయాన్ని తగ్గించుకోవడం ఇందులో ముఖ్యమైనవి.

ఈ తప్పులు చేయొద్దు

మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవడం చాలా ప్రమాదం. అల్ప్రజోలం లాంటివి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు. ఆప్నియా ఉన్నవాళ్లలో కొన్ని నిద్రమాత్రలు, మద్యం గొంతు కండరాలను ఇంకా వదులు చేసి ఊపిరి ఆగడాన్ని పెంచుతాయి. "రెండు పెగ్గులేస్తే నిద్ర బాగా పడుతుంది" అనేది అందుకే తప్పు. ఏదైనా ఆపరేషన్ ఉంటే గురక, ఆప్నియా సంగతి మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

ఇక ఈ రాత్రి చేయాల్సిన పని ఒక్కటే. ఇంట్లో గురక పెట్టేవాళ్లు ఉంటే విసుక్కుని దిండు చెవుల మీద కప్పుకోకండి. ఐదు నిమిషాలు ఆ శబ్దాన్ని వినండి. గురక మధ్యలో నిశ్శబ్దం వస్తోందా? వస్తే ఫోన్ తీసి వీడియో తీయండి. పొద్దున్నే వాళ్లకు చూపించండి. డాక్టర్ దగ్గరికి రానని మొండికేసే మనిషిని కూడా ఆ వీడియో కదిలిస్తుంది.

(ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. సమస్య ఉందని అనుమానం ఉంటే వైద్యుల్ని సంప్రదించాలి.)